కొరాపుట్ కొండల్లో 3 వారాల మకాం: ఎక్కడం సంగతి సరే, తిండీ నిద్రా ఎలా?

పర్లాకిమిడి_పిల్లోడు · నవంబర్ 29, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మేం ఐదుగురం, నలుగురు అబ్బాయిలు, ఒక అమ్మాయి (మా పిన్ని కూతురు, నిజం చెప్పాలంటే మా అందరికంటే బాగా ఎక్కుతుంది). డిసెంబర్ 22న బయల్దేరి జనవరి 12 దాకా ఒడిశా కొరాపుట్ జిల్లాలో పొట్టంగి వైపు ఒక ఊరి పక్కన టెంట్లు వేసుకుని, రాళ్ళెక్కుతూ (రాక్ క్లైంబింగ్) ఉండాలని ప్లాను. ఊరి పేరు మాత్రం అడగొద్దు, ఇక్కడ రాస్తే వచ్చే ఏడాదికి అక్కడ బిర్యానీ పొట్లాలు, బీరు సీసాలు తప్ప రాయి కనపడదు. 12 దాటి ఒక్క రోజు కూడా ఉండలేం, భోగి మంట దగ్గర నేను లేకపోతే మా నాన్న ఆ మంటలో నా హార్నెస్ (ఎక్కేటప్పుడు తాడుకి తగిలించే నడుం పట్టీ) వేసేస్తారు. ఆయన్ని ఒప్పించడానికే నెల పట్టింది. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కకముందు ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి రాయి మీదే, మేమూ అక్కడే నేర్చుకున్నాం అని చెప్తే "ఆ పిల్ల ఎవరెస్ట్ ఎక్కింది, నువ్వు మేడ మెట్లెక్కడానికి ఆయాసపడతావు" అన్నారు.

ఎక్కడం గురించి నాకు భయం లేదు. టాప్ రోప్ (తాడు పైన కట్టి ఎక్కడం), బిలే (ఎక్కేవాడి తాడు కింద పట్టుకోవడం) అన్నీ వచ్చు, 60 మీటర్ల కొత్త తాడు ఉంది, రెండు క్రాష్ ప్యాడ్లు (పడితే దెబ్బ తగలకుండా కింద వేసే పరుపులు) ఉన్నాయి. కానీ ఇప్పటిదాకా రెండు రాత్రులకి మించి బయట పడుకోలేదు. మూడు వారాలంటే వంట, నీళ్ళు, స్నానం, బట్టలు, పాములు... అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బరంపురం_ఊరగాయ · నవంబర్ 29, రాత్రి 10:58

ముందు ఊరగాయలు లెక్కపెట్టుకో తమ్ముడూ. మిగతావన్నీ తర్వాత.

జయపురం_మాస్టారు · నవంబర్ 30, ఉదయం 6:15

బాబూ, ముప్పై ఏళ్ళు బడి పిల్లల్ని కొండలకి తిప్పినవాణ్ణి, రాయి ఎక్కలేదు గానీ రాయి కింద చాలా రాత్రులు పడుకున్నాను. నువ్వు అడిగినవాటిలో అసలైనది నీళ్ళొక్కటే. ఐదుగురికి తాగడానికి మనిషికి నాలుగు లీటర్లు, వంటకీ గిన్నెలకీ ముఖం కడుక్కోడానికీ ఇంకో నాలుగు వేసుకో, రోజుకి 40 లీటర్లయ్యింది. అంటే 20 లీటర్ల డబ్బాలు రెండు, 40 కిలోల బరువు, ఊట నుంచి మకాం దాకా ప్రతి రోజూ ఎవరో ఒకరు మొయ్యాలి. ఊట కిందా మకాం మీదా ఉంటే ఇంక చూసుకో. నీ చేతి బలమంతా రాయికి దాచుకుంటానంటే కుదరదు, సగం బలం డబ్బా పిడి తినేస్తుంది. అందుకని రాయికి దగ్గరగా కాదు, నీళ్ళకి దగ్గరగా మకాం వెయ్యి. అలాగని వాగు ఒడ్డునే కాదు, కాస్త ఎత్తులో. డిసెంబర్‌లో వానలుండవని అనుకోకు, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే ఇక్కడ రెండు రోజులు ముసురే.

చలి కూడా తక్కువ అంచనా వెయ్యకు. సిమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబర్ ఆఖరులో తెల్లారుజామున పది డిగ్రీల కంటే బాగా కిందికి పోతుంది. పర్లాకిమిడి దుప్పటి సరిపోదు. టెంటు పూర్తిగా మూసేసి పడుకుంటే మీ ఊపిరే లోపలి గుడ్డకి చెమటలా పట్టి తెల్లారేసరికి మీ మీదే కారుతుంది, పైన గాలి కిటికీ తెరిచి ఉంచండి, చలేసినా సరే.

రాయగడ_అక్క · నవంబర్ 30, ఉదయం 9:30

తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న. ఆ రాయి ఎక్కడానికి ఊళ్ళో వాళ్ళని అడిగారా? మా వైపు చాలా రాళ్ళు వట్టి రాళ్ళు కావు, దేవుళ్ళు. నియమగిరి సంగతి తెలుసుగా, అక్కడి ఆదివాసీలకి దేవుడి కొండ, గనులు తవ్వుతామంటే గొడవైంది, 2013లో సుప్రీం కోర్టు గ్రామసభలనే తేల్చమంటే పన్నెండుకి పన్నెండూ గనులు వద్దన్నాయి. కొండంటే వాళ్ళకి అంత. మీరు వెళ్ళి చాక్ పొడి (పట్టు జారకుండా రాసుకునేది) చేతులతో ఎవరి అమ్మవారి నెత్తినో కాలు పెట్టకండి. ముందు ఊరి పెద్దని కలిసి, ఏ రాయి ఎక్కొచ్చో ఏది కూడదో చూపించమనండి. అటవీ శాఖ పరిధిలోకి వస్తుందేమో, అనుమతి కావాలేమో అది కూడా ముందే కనుక్కోండి, టెంట్లు వేశాక కాదు.

ఇంక నేను నర్సుని కాబట్టి నా గోల నేను చెప్తాను. దోమతెర తప్పనిసరి, టెంటు జాలీ చిరిగిందేమో ఇంట్లోనే చూసుకోండి. జ్వరం వస్తే చలి వల్ల అనుకుని మాత్ర మింగి పడుకోవద్దు, ఊళ్ళో ఆశా దిదీ దగ్గర మలేరియా పరీక్ష కిట్ ఉంటుంది, వేలు గుచ్చి పావుగంటలో చెప్పేస్తుంది. కట్లపాము రాత్రి తిరుగుతుంది, కరిచినా చాలాసార్లు నొప్పి తెలీదు, నేల మీద పడుకున్నవాళ్ళే ఎక్కువగా బలి. టెంటు జిప్పు ఎప్పుడూ వేసే ఉంచాలి, రెండు నిమిషాలకి బయటికెళ్ళినా. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోండి. కరిస్తే కట్టు కట్టడం, కొయ్యడం ఏమీ చెయ్యకుండా కదలకుండా పడుకోబెట్టి నేరుగా పెద్దాసుపత్రికి. అంటే బండి మకాం దాకా వచ్చే దారి ఉండాలి.

దొడ్డికెళ్ళడానికి, నీళ్ళకి కనీసం అరవై మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తీసి మూసెయ్యాలి. చిన్న పార పట్టుకెళ్ళండి. మీ చెల్లికి విడిగా ఒక మూల, చీరతో చాటు కట్టి ఇవ్వండి, ఆ పిల్ల అడిగేదాకా ఆగొద్దు. శానిటరీ ప్యాడ్లు పాతిపెట్టకూడదు, కుక్కలు తవ్వేస్తాయి, మూతున్న డబ్బాలో వేసి తిరిగి తెచ్చుకోవాలి.

పర్లాకిమిడి_పిల్లోడు · నవంబర్ 30, మధ్యాహ్నం 1:05

అక్కా, ఊరి పెద్దని కలవలేదు. అక్కడి కుర్రాడొకడు "ఎక్కండి ఏం కాదు" అన్నాడు, అంతే. వచ్చే ఆదివారం వెళ్ళి కలిసి వస్తాం. చీర సంగతి చెల్లికి చూపించాను, "ఈవిడ నంబరు ఇవ్వు" అంది.

బరంపురం_ఊరగాయ · నవంబర్ 30, మధ్యాహ్నం 2:20

సరే ఇప్పుడు తిండి. కిరోసిన్ స్టవ్వు మాట మర్చిపో, కిరోసిన్ దొరకడమే కష్టం, దొరికినా బియ్యం బస్తా పక్కన పెడతావు, మూడు వారాలూ కిరోసిన్ అన్నం తింటావు (నాకు జరిగింది, అడగొద్దు). 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకో. మా ఇంట్లో నలుగురికి 14 కిలోలది నెల వస్తుంది, ఆ లెక్కన మీకు చిన్నది ఎనిమిది తొమ్మిది రోజులు, మధ్యలో కట్టెలూ వాడుకుంటే రెండు చాలు. రైల్లో ఎక్కించొద్దు, గ్యాస్ నిషేధం, బండిలోనే పట్టుకెళ్ళు. సుమారు 900 మీటర్ల ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి, మూత లేని గిన్నెలో కందిపప్పు పెడితే సూర్యుడు పడమరకి పోయినా ఉడకదు. కుక్కరు ఉండాల్సిందే, పప్పు రాత్రే నానబెట్టాలి.

పొద్దున అటుకులు గానీ ఉప్మా గానీ. మధ్యాహ్నం రాయి దగ్గరికి పులిహోర, అది సాయంత్రం దాకా నిలుస్తుంది, చేతికి అంటుకున్నా పర్లేదు. రాత్రికి పప్పు, అన్నం, ఒక కూర. కందిపొడి, నువ్వులపొడి, ఆవకాయ, మాగాయ, నిమ్మకాయ. గుడ్లు కొనుక్కో, అక్కడి సంతలో కూరలు చవగ్గా దొరుకుతాయి, చిక్కుళ్ళు, టమాటాలు, అల్లం, చిలగడదుంపలు. కొరాపుట్ కలాజీరా బియ్యానికి 2024లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు సరుకన్న గుర్తింపు) వచ్చింది కదా అని ఎగబడి కొనకు, అది సువాసన బియ్యం, రోజూ తినేది కాదు, ఆఖరి రోజు పాయసానికి ఒక కిలో చాలు. చోడి (రాగి) అంబలి మాత్రం ఊళ్ళో వాళ్ళు ఇస్తే వద్దనకు, ఎక్కడానికి అంతకంటే మంచి తిండి లేదు.

సిరొంచ_సీను · నవంబర్ 30, రాత్రి 8:48

మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. మా దిక్కు ఎలుగుబంట్ల గోస ఎక్కువ, మీ తూర్పు కనుమల్ల కూడా ఉంటయి. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్‌ల పోతే పూల కోసం రాత్రిపూట చెట్ల కిందికొస్తయి, డిసెంబర్‌ల పోతున్రు కాబట్టి ఆ బాధ కొంచెం తక్కువే. అయినా తిండి సామాను టెంట్ల పెట్టుకోవద్దు తమ్మీ, బెల్లం అసలే వద్దు. బండ గుహ లెక్క కనిపిస్తే లోపటికి తల పెట్టి చూడకు, ముందు రాయి విసిరి, చప్పుడు చేసి, ఆగి చూడు.

ఇంకోటి, కొండ తేనెటీగలు. బండ వాలు కింద నల్లగ పలక లెక్క వేలాడుతుంటది, దూరం నుంచి రాతి మరక అనుకుంటరు. ఆ పక్క దారి వదిలెయ్యుండ్రి, అంతే. తాడు మీద వేలాడేటోనికి ఉరికే దారి లేదు.

తాడు_ముడి · డిసెంబర్ 1, రాత్రి 11:20

సునాబెడలో ఉంటాను, రాళ్ళెక్కడానికి హంపీ, బాదామి చాలాసార్లు వెళ్ళాను. సిరొంచ అన్న చెప్పిన తేనెటీగల మాట తేలిగ్గా తీసుకోకండి, కింది నుంచి బైనాక్యులర్‌తో మొత్తం రాయి చూశాకే తాడు వెయ్యండి.

కొత్తవాళ్ళు చేసే తప్పు రోజూ ఎక్కడం. మూడు వారాల్లో మూడో రోజుకే వేలి చివర్లు గులాబీ రంగులోకి వస్తాయి, ఐదో రోజుకి చర్మం చీలుతుంది. చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్, చెమటని పీల్చినట్టే చర్మంలో తడినీ పీల్చేస్తుంది. రెండు రోజులు ఎక్కి ఒక రోజు ఆగండి. రాత్రి చేతులు కడిగి కొబ్బరి నూనె రాసుకోండి. లేచిన చర్మం పళ్ళతో పీకకుండా సన్న గరుకు కాగితంతో సాపు చేసుకోండి. చలికాలం పొద్దున రాయి చల్లగా ఉంటే పట్టు బాగుంటుంది గానీ వేళ్ళు మొద్దుబారి పట్టింది తెలీదు, కాబట్టి ఎండ తగిలాక మొదలుపెట్టండి. ఖోండలైట్ రాయి అయితే పైపొర పుచ్చి పెచ్చులూడుతుంది, హెల్మెట్ బిలే పట్టేవాడికి కూడా ఉండాలి, వాడికే ముందు ఉండాలి.

విశ్రాంతి రోజుల్లో మీరు కొట్టుకుంటారు. అది మాత్రం గ్యారంటీ.

పర్లాకిమిడి_పిల్లోడు · డిసెంబర్ 8, రాత్రి 9:10

పెద్దాయన్ని కలిశాం. అక్క చెప్పింది అక్షరాలా నిజం, మేం మొదట అనుకున్న పెద్ద రాయి వాళ్ళ దేవత. ఆయన కోప్పడలేదు, నవ్వి "అది మాకే ఎక్కడానికి లేదు, మీకెలా ఇస్తాం" అన్నాడు (సగం తెలుగు, సగం అక్కడి దేశియా భాష). రెండు చిన్న కొండల అవతల వేరే రాళ్ళు చూపించాడు, అవే మేలు, ఊట పావు కిలోమీటరే. ఊళ్ళో ఎవడో కుర్రాడు అన్న మాట పట్టుకుని వెళ్ళి ఉంటే మూడో రోజే తరిమేసేవాళ్ళు.

పర్లాకిమిడి_పిల్లోడు · డిసెంబర్ 28, సాయంత్రం 5:36

కొండ మీద ఒక పనస చెట్టు దగ్గర మాత్రమే సిగ్నల్ వస్తోంది, నిలబడే టైపు చేస్తున్నా. ఆరో రోజు. రోజు ఇలా గడుస్తోంది: ఐదున్నరకి చలికి మెలకువ, ఎవరూ లేవరు, ఆరున్నరకి చెల్లి లేచి అందరినీ తిడుతుంది, ఇద్దరు నీళ్ళకి, ఒకడు పొయ్యి, ఒకడు గిన్నెలు, ఒకడు ఏదో ఒక వంకతో మాయం. రాయి దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. మధ్యాహ్నం దాకా ఎక్కుతాం, మనిషికి లెక్కేస్తే గంట కూడా రాయి మీద ఉండం. మిగతా రోజంతా కట్టెలు, నీళ్ళు, కూరలు తరగడం, తాడు చుట్టడం. మాస్టారూ, మీరు డబ్బా గురించి చెప్పినప్పుడు నవ్వుకున్నాను, క్షమించండి.

ఒకటి మాత్రం ఎవరూ చెప్పలేదు. నిన్న నా చూపుడు వేలు, ఉంగరపు వేలు రెండూ చీలాయి. రాత్రి వేడన్నంలో ఆవకాయ వేసుకుని కలిపాను. ఒక్క కలుపుకే లేచి గెంతాను, కంట్లో నీళ్ళు, చెయ్యి తీసుకెళ్ళి నీళ్ళ బిందెలో ముంచేశాను, దాంతో మొయ్యగా మొయ్యగా తెచ్చిన బిందెడు నీళ్ళూ ఆవకాయ నీళ్ళయ్యాయి. వీళ్ళు నాకంటే ఆ నీళ్ళ గురించే ఎక్కువ ఏడ్చారు. ఇప్పుడు నేను చెంచాతో తింటున్నాను, పెరుగన్నం, చిన్నపిల్లాడిలాగ.

బండి బ్యాటరీ పాతదొకటి తెచ్చుకున్నాం కాబట్టి ఫోన్ల ఛార్జింగుకి ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడు గతుకుల్లో కాస్త ఒలికి తాడు సంచి తడిసింది గానీ అప్పుడే తుడిచేశాం.

బరంపురం_ఊరగాయ · డిసెంబర్ 28, సాయంత్రం 5:50

హహహ. నా సలహా వల్లే కదా. మాగాయ అయితే ఇంకా మండేది, సంతోషించు.

తాడు_ముడి · డిసెంబర్ 28, సాయంత్రం 6:02

ఆగండి. బ్యాటరీలోది తాడు సంచి మీద ఒలికిందా? ఆ తాడు మీదే ఆరు రోజులుగా ఎక్కుతున్నారా? అది సల్ఫ్యూరిక్ ఆమ్లం. క్లైంబింగ్ తాడు నైలాన్, ఆమ్లం తగిలితే లోపలి పోగులు చచ్చుబడిపోతాయి, పైకి చూస్తే ఏమీ కనపడదు, రంగు మారదు, చేతికి మామూలుగానే ఉంటుంది. బరువు పడ్డప్పుడు తెలుస్తుంది. ఈ క్షణం నుంచి ఆ తాడు వాడొద్దు. హార్నెస్‌లు, స్లింగులు (పట్టీ ఉచ్చులు) అదే సంచిలో ఉంటే అవి కూడా పక్కన పెట్టండి. ఈ మెసేజ్ చూశావని ముందు జవాబివ్వు.

జయపురం_మాస్టారు · డిసెంబర్ 28, సాయంత్రం 6:40

తడిసిన భాగం వరకు కోసేసి మిగతాది వాడుకోకూడదా? కొత్త తాడు, వేలు పోసి కొన్నారు పాపం.

తాడు_ముడి · డిసెంబర్ 28, సాయంత్రం 6:44

మాస్టారూ, సంచిలో తాడు కుప్పగా ఉంటుంది, ఏ చుట్టకి తగిలిందో ఎవరు చెప్పగలరు? సంచిలో చేరిన తడి ఎక్కడిదాకా పాకిందో తెలీదు. కుదరదండీ. మీ మీద గౌరవంతోనే చెప్తున్నా.

పర్లాకిమిడి_పిల్లోడు · డిసెంబర్ 29, మధ్యాహ్నం 12:15

ఇప్పుడే చూశాను. పొద్దున ఎక్కలేదు, విశ్రాంతి రోజు కాబట్టి బతికాం. హార్నెస్‌లు వేరే సంచిలో ఉన్నాయి, దేవుడి దయ. ఇక్కడ పెద్ద గొడవ. ఇద్దరు "ఆరు రోజులు ఏం కాలేదుగా" అంటున్నారు, అందులో ఒకడు తాడుకి సగం డబ్బు పెట్టినవాడు, 15 వేలు బూడిదలో పోసిన పన్నీరని వాడి బాధ. చెల్లి ఒక్కటే మాట అంది, "దానికి నేను కట్టుకోను. మీరు కట్టుకుంటే బిలే కూడా పట్టను, మిమ్మల్ని పడెయ్యడం నా చేతుల మీదుగా జరగదు" అని. దాంతో అయిపోయింది. తాడు ముక్కలు చేసేశాం, ఎవరికీ మళ్ళీ బుద్ధి పుట్టకుండా. సంచి నుంచి తీసి చూస్తే ఒక చోట పైతొడుగు మీద గోటితో గీరితే పొట్టులా రాలింది. అది చూశాక డబ్బు పెట్టినవాడు కూడా ఏమీ మాట్లాడలేదు.

విశాఖలో ఉన్న స్నేహితుడు తన తాడు పట్టుకుని కిరండూల్ రైలుకి వస్తానన్నాడు, నాలుగు రోజులు పడుతుంది. అప్పటిదాకా కింద గుండ్ల మీద ప్యాడ్లు వేసుకుని బౌల్డరింగే (తాడు లేకుండా ఎక్కడం).

రాయగడ_అక్క · డిసెంబర్ 29, మధ్యాహ్నం 12:50

ఆ చెల్లికి నా నంబరు మెసేజ్‌లో పెట్టాను. ఇవ్వు.

తాడు_ముడి · డిసెంబర్ 29, మధ్యాహ్నం 1:30

మంచి పని. ముక్కలు బట్టలు ఆరేసుకోడానికి తప్ప దేనికీ వాడకండి, బరువులు లాగడానికి కూడా వద్దు. నాలుగు రోజులు పోయాయని బాధపడకు తమ్ముడూ, అమెరికాలో యోసెమిటీ దగ్గర ఎల్ క్యాపిటన్ అనే పెద్ద రాతి కొండ మీద నోస్ అనే దారి వారెన్ హార్డింగ్ వాళ్ళు 1957లో మొదలుపెట్టి 1958 నవంబర్ 12న గానీ పూర్తి చెయ్యలేదు. మధ్యలో నెలల తరబడి కింద కూర్చోవడమే.

సిరొంచ_సీను · డిసెంబర్ 29, రాత్రి 7:15

వాళ్ళకు భోగి మంట లేదు కదన్నా.

పర్లాకిమిడి_పిల్లోడు · జనవరి 5, సాయంత్రం 4:58

తాడు వచ్చింది, వచ్చినవాడు కూడా ఉండిపోయాడు, ఇప్పుడు ఆరుగురం, 48 లీటర్లు. ఊళ్ళో పుష్ పరబ్ పండగ జరిగింది, రెండు రోజులు అసలు రాయి ముఖమే చూడలేదు. పెద్దాయన ఇంట్లో భోజనం, రాత్రి డప్పులు, ధెంసా ఆట (వరసగా ఒకరినొకరు పట్టుకుని ఆడేది), మా వాడొకడు గొలుసులో మధ్యలో దూరి అందరి అడుగులూ చెడగొట్టాడు. ఊరి పిల్లలు మా క్రాష్ ప్యాడ్ల మీద గెంతడం కనిపెట్టారు. చెప్పులు లేకుండా వాళ్ళు ఆ గుండు ఎక్కేస్తున్నారు, మేం నాలుగు రోజులుగా చాక్ రాసుకుని పడుతున్న గుండు. ఎనిమిదేళ్ళ పాప ఒకతి ఎడమ కాలు ఎక్కడ పెట్టాలో నాకు చూపించింది, నేను అటు వైపు అసలు చూడనే లేదు. దిగాక "ఇంతేనా" అన్నట్టు చూసి మేకల వెనక పోయింది.

వంతుల గొడవ తీరింది. గిన్నెలు తోమినవాడికే మర్నాడు మొదటి ఎక్కుడు అని చెల్లి రూలు పెట్టింది. ఇప్పుడు గిన్నెల కోసం కొట్టుకుంటున్నాం.

జయపురం_మాస్టారు · జనవరి 5, సాయంత్రం 6:20

ఆ రూలు నాకు ముప్పై ఏళ్ళ క్రితం తెలిసుంటే బాగుండేది.

పర్లాకిమిడి_పిల్లోడు · జనవరి 19, ఉదయం 11:08

ఇంటికొచ్చి వారమైంది, పండగ హడావిడిలో రాయడం కుదరలేదు. భోగికి అందాను. చివరి రెండు రాత్రులు ముసురు పట్టింది, మాస్టారు చెప్పినట్టే ఎత్తులో వేశాం కాబట్టి నీళ్ళు లోపలికి రాలేదు, కానీ తడి టెంట్లే చుట్టి బండిలో పడేసి వచ్చాం. సిలిండర్లు రెండూ సరిగ్గా సరిపోయాయి, ఆఖరి పూట కలాజీరా పాయసం సగంలో గ్యాస్ అయిపోతే పెద్దాయన వాళ్ళ పొయ్యి మీద పూర్తి చేశాం. చెత్త రెండు బస్తాలైంది, తెచ్చాం. ఎవరికీ జ్వరాలు రాలేదు అక్కా. తేలు ఒకటి బూటులో కనపడింది, అదీ నీ చలవే.

మొత్తం 22 రోజుల్లో తాడు మీద ఎక్కింది తొమ్మిది రోజులు. నేను ఎక్కాలనుకున్న దారి ఆఖరికి ఎక్కలేదు, చెల్లి ఎక్కింది, రెండో ప్రయత్నంలో.

ఇప్పుడొక సందేహం. టెంట్లు బూజు వాసన పట్టాయి. నిన్నటి నుంచి డాబా మీద ఆరేశాను, కానీ గుమ్మడి వడియాలు పెట్టాలి తియ్యమని మా అమ్మ పొద్దున్నుంచి కేకలు. నీడలో ఆరితే సరిపోతుందా, ఎండే కావాలా? త్వరగా చెప్పండి, ఆవిడ ఇప్పటికే మెట్లెక్కుతోంది.

బరంపురం_ఊరగాయ · జనవరి 19, ఉదయం 11:11

నీడ చాలు, గాలి తగిలితే చాలు. వడియాలకి ఎండ కావాలి. తీసెయ్.